కాకి వాలిన మెడ

శనగ చేను ఖాళీ అయిన మర్నాడు ఆసామి మద్దిలేటి ఎడ్ల మెడ మీంచి కాడి దించి, కొట్టం వాసానికి వేలాడగట్టాడు. మళ్ళీ ఉగాది పొద్దున తొలి సాలు దున్నడానికే దాన్ని తీసేది. మధ్యలో ఇరవై రోజులు. పశువులకు సెలవలంటే అవే.

కాడి దించిన చేత్తోనే ఎడ్లకు పట్టెడలు కట్టాడు. పట్టెడంటే జానెడు వెడల్పు తోలు పట్టీ, దాని నిండా ఇత్తడి మువ్వలు. మెడకు బిగించి కడితే ఎద్దు కదిలినప్పుడల్లా మోగుతుంది. పండగ వచ్చిందని ఊరికి అలాగే తెలుస్తుంది.

కొట్టంలో ఎర్రావు పెద్దది. దాని కొడుకు బొల్లిగాడు ఆ ఏడే మొదటిసారి కాడి మోశాడు, కర్రోడి పక్కన. అంతకు ముందు కర్రోడికి జత మల్లడు. మల్లణ్ణి పోయినేడు సంతకు తోలుకెళ్ళారు. తిరిగి రాలేదు. వాణ్ణి కట్టేసే గూటం ఇంకా ఖాళీగానే ఉంది. ఆ పేరు ఎవరూ ఎత్తరు. మల్లడు వెళ్ళిన రోజు బొల్లిగాడు గుట్ట మీద మేతలో ఉన్నాడు. ఎందుకు తోలారో వాడు చూడలేదు, తర్వాత ఎవరినీ అడగనూ లేదు.

ఎర్రావుకో అలవాటుంది. కాడి దించిన రోజు మధ్యాహ్నం పశువులన్నీ కోసిన చేలో జొన్న కొయ్యల్లో చేరినప్పుడు ఒక్కొక్క మెడనూ నాకి చూస్తుంది. తోలు ఎక్కడ ఒరిసిందో, ఎక్కడ వాచిందో నాలుకకు తెలుస్తుంది. వెంట్రుకలు అడ్డం కాబట్టి కంటికి తెలియదు.

ముందు కర్రోణ్ణి పిలిచింది.

"అబ్బా, పిన్నీ! చచ్చాను! మెల్లగా!"

"ఇంకా నాలుక పెట్టలేదురా."

"పెడతావుగా! ముందే అరిస్తే నొప్పి తగ్గుతుంది."

మేకత్త పడీపడీ నవ్వింది. ఆ కొట్టంలో పండగ పెత్తనమంతా మేకత్తదే. ఎవరు పాడాలో, ఎవరు ఉరకాలో, ఎవరు ఎవరి పక్కన నిలబడాలో అదే చెబుతుంది.

"ఇంత ఒళ్ళేసుకుని ఏడుపేంట్రా కర్రోడా? మా పిల్లలు నయం."

"నీ పిల్లలు కాడి మోశారా అత్తా? నీ గడ్డమన్నా మోశారా?"

ఎర్రావు నాకి చూసింది. పట్టెడ కింద రేగ్గాయంత పుండు.

"పోయి ఆసామి ముందు అరువు," అంది. "నా ముందు అరిస్తే లాభం లేదు."

కర్రోడు పోయి ఊరదిరేలా అరిచాడు. మద్దిలేటి వచ్చి చూశాడు. పట్టెడ విప్పేశాడు. వేపనూనెలో పసుపు కలిపి రాశాడు. ఇరవై రోజులూ నీడలో కట్టేయాలన్నాడు. పండగపూట బోసిమెడతో, వేపనూనె కంపుతో కర్రోడు మూల నిలబడ్డాడు. మేకపిల్లలు ముక్కు మూసుకుని వాడి ముందు నుంచి పరుగెత్తడం ఒక ఆట అయింది.

తర్వాత బొల్లిగాడి వంతు.

అప్పటికే పక్క చేల ఆవులు నాలుగైదు వాడి చుట్టూ చేరాయి. మొదటి ఏడు కాడి మోసిన కోడె అంటే అందరికీ ముచ్చటే. మువ్వలు ఎండలో మెరుస్తున్నాయి.

"నీ కొడుకేనా వదినా? నిన్నగాక మొన్న పాలకు ఎగబడేవాడు!"

"ఆ కర్రోడి పక్కనా ఇంత పని చేసింది? నోరు కూడా ఎత్తలేదంటగా?"

"ఎత్తడు," అంది మేకత్త. "బొల్లిగాడంటే బంగారం. నొప్పన్న మాటే వాడి నోట వినలేదు నేను."

ఎర్రావు కళ్ళు చల్లబడ్డాయి. దగ్గరకెళ్ళి, "మెడ వంచరా," అంది.

బొల్లిగాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అందరూ చూస్తున్నారమ్మా. ఇంకా దూడనా నేను?"

ఆవులు నవ్వాయి. ఎర్రావు కూడా నవ్వింది. కాస్త చిన్నబోయింది, కాస్త గర్వపడింది.

"బాగున్నావా మరి?"

"బాగున్నా."

"నొప్పేం లేదుగా?"

"లేదమ్మా."

"సరే," అంది ఎర్రావు.

అంతే అడిగింది. వాడి పట్టెడ కిందా రేగ్గాయంత పుండు ఉంది. కర్రోడిది ఎంతో ఇదీ అంతే.

*

మర్నాడు పొద్దున కాకి వచ్చింది. ఎర్రావును అక్కా అని, బొల్లిగాణ్ణి అల్లుడూ అని పిలిచే కాకి. కోతల్లో కనబడదు, సెలవల్లో తప్పకుండా వస్తుంది.

బొల్లిగాడి భుజం మీద వాలి, మెడ వైపు తల వంచింది.

"అల్లుడూ, పట్టెడ కింద ఏదో దాచావే?"

"ఏం లేదు మామా."

"నా ముక్కుకే అబద్ధమా? కాస్త తల దించు. ఆఁ... అయ్యో. అయ్యయ్యో. చాలా నొప్పిగా ఉండాలే?"

అలా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. బొల్లిగాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కొంచెం," అన్నాడు. "అమ్మకు చెబుదామనుకుంటున్నా."

"చెప్పు, చెప్పు. కన్నతల్లికి చెప్పక ఎవరికి చెబుతావు?" కాకి అటూ ఇటూ చూసింది. "కానీ ఒక్కసారి అటు చూడు. మీ అమ్మ మొహం. ఎన్నేళ్ళయింది ఆవిడ అలా నవ్వి? ఇప్పుడే చెప్పాలా?"

బొల్లిగాడు చూశాడు. ఎర్రావు పక్క చేల ఆవులతో కబుర్లాడుతోంది. చెవులు నిక్కబొడుచుకుని, తోక ఊపుతూ.

"ఇంకోటి," అంది కాకి, గొంతు తగ్గించి. "మల్లడు గుర్తున్నాడా?"

"ఆఁ."

"నొప్పి నొప్పి అన్నాడు. ఆసామి విన్నాడు. సంతకు తోలాడు."

"నొప్పన్నందుకా?"

"మరెందుకు?"

"కర్రన్న అరిచాడుగా నిన్న? మందు రాశారు."

"కర్రోడు పాతకాపు. వాడు అరవడం ఆసామికి అలవాటే. నీకిది మొదటి ఏడు. మొదటి ఏడే మెడ చెడిందంటే ఇంక నిన్నెవరు ఉంచుకుంటారు? నీ మంచి కోరి చెబుతున్నా. పండగ కానివ్వు. తర్వాత చూసుకుందాం. అందాకా నేనున్నానుగా? రోజూ పొద్దున్నే వచ్చి శుభ్రం చేసి పోతా. ఎవరికీ తెలియదు."

"శుభ్రం చేస్తే మానుతుందా మామా?"

"మానక?"

బొల్లిగాడు తల దించాడు. కాకి పట్టెడ అంచు ముక్కుతో జరిపింది.

*

సెలవలు జోరుగా సాగాయి. మేకత్త ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒకరోజు కళ్ళం చుట్టూ మువ్వల పందెం, ఒకరోజు వాగు దాకా ఊరేగింపు, ఒకరోజు పక్క చేల మందలకు విందు. అన్నిటికీ ముందు నిలబడేది బొల్లిగాడే.

"బొల్లిగాడు లేకపోతే పండగేంటి? పదరా!"

"వస్తున్నానత్తా."

ఉరికిన ప్రతిసారీ పట్టెడ మెడకు ఒరిసేది. ఒరిసినకొద్దీ మువ్వలు మోగేవి. మువ్వలు మోగినకొద్దీ అందరూ కేకలు వేసేవారు. కాడి మోసిన రోజుల్లో కూడా వాడు సాయంత్రానికి ఇంత అలసిపోలేదు.

రోజూ పొద్దున్నే కాకి వచ్చేది. ఎర్రావు చూసేది.

"మీ మామ నిన్ను వదిలేలా లేడే?" అంది ఒకరోజు.

బొల్లిగాడి కన్నా ముందు కాకే అందుకుంది. "మెడకు పట్టిన పిడుదులు ఏరుతున్నా అక్కా. కోడెగాడు, చూసుకోడు. మనం చూడకపోతే ఎవరు చూస్తారు?"

"నీకు పుణ్యముంటుంది తమ్ముడూ," అంది ఎర్రావు. తన గాటిలో మిగిలిన నాలుగు జొన్న గింజలు కూడా దాని ముందుకు తోసింది.

పదో రోజుకు బొల్లిగాడు మేత సగం వదిలేశాడు.

"తినలేదేరా?"

"వాగు దగ్గర తిన్నానమ్మా."

పన్నెండో రోజున మూలనున్న కర్రోడు ముక్కు ఎగబీల్చాడు.

"రేయ్ బొల్లీ, ఇలా రా. నీ దగ్గర ఏదో వాసనొస్తోంది."

"నీ వేపనూనె వాసనే అన్నా. ఊరంతా అదే."

మేకపిల్లలు కిందపడి నవ్వాయి. కర్రోడు ఒక్క క్షణం వాడి వైపే చూశాడు. ఇంకేదో అడగబోయాడు. నవ్వులు ఆగలేదు. మొహం గోడకు తిప్పుకున్నాడు. అప్పటికి కర్రోడి పుండు మానిపోయింది. కొత్త వెంట్రుకలు కూడా మొలుస్తున్నాయి.

పదిహేనో రోజు మధ్యాహ్నం. ఎర్రావు వాగు గట్టున నెమరేస్తూ కూర్చుంది. బొల్లిగాడు మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. దూడగా ఉన్నప్పుడు అలాగే నిలబడేవాడు, డొక్కకు డొక్క ఆనించి. ఒళ్ళు వేడిగా తగిలింది. ఎండ అనుకుంది ఎర్రావు.

"అమ్మా."

"ఏంట్రా?"

వాడు డొక్కను ఇంకాస్త ఆనించాడు.

"వదినా!" గట్టు మీంచి మేకత్త కేక. "విందుకొచ్చిన ఆవులు నీ కోసం చూస్తున్నాయి! పెద్దదానివి నువ్వే లేకపోతే ఎట్లా?"

ఎర్రావు లేచింది. "చెప్పు, ఏంటి?"

"ఏం లేదులే. పండగయ్యాక చెబుతా."

"సరే అయితే," అంది ఎర్రావు. గట్టెక్కి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగి చూసినా బాగుండేది. వాడు అక్కడే, ఆమె లేచిన చోటే నిలబడి ఉన్నాడు. పైన చెట్టు మీద కాకి ఉంది.

*

ఉగాది పొద్దున మద్దిలేటి తలస్నానం చేసి, వాసం మీంచి కాడి దించాడు. పసుపు రాసి బొట్లు పెట్టాడు. దున్నే మడకను చేనికి చేర్చాడు. పశువులన్నీ గట్టు మీద వరసగా నిలబడ్డాయి. కొత్త ఏడు తొలి సాలు తిన్నగా పడితే ఏడంతా తిన్నగా ఉంటుందని అందరికీ నమ్మకం.

మద్దిలేటి బొల్లిగాడి పట్టెడ విప్పలేదు. పండగ కదా, మువ్వలు మోగనీ అనుకున్నాడేమో. దాని మీదే కాడి పెట్టి, పలుపు బిగించాడు.

"హొయ్!"

కర్రోడు కాలెత్తాడు. బొల్లిగాడూ ఎత్తాడు.

ఒక అడుగు. రెండు. మూడు. కర్రు నేలలో దిగింది. కాడి బరువు మెడ మీదికొచ్చింది.

బొల్లిగాడి ముందుకాళ్ళు మడత పడ్డాయి.

వాడు అప్పుడు కూడా అరవలేదు. మువ్వలు మాత్రం ఒక్కసారి గట్టిగా మోగి ఆగిపోయాయి. కాడి వంకరపోయి, తొలి సాలు అడ్డంగా గీత పడింది.

మద్దిలేటి పరుగున వచ్చి పలుపు కోశాడు. పట్టెడ లాగేశాడు. లాగిన చేయి అలాగే ఆగిపోయింది. పట్టెడ కింద పిడికిలి పట్టేంత గుంట. ఈగలు లేచాయి. లోపల తెల్లగా ఎముక.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇది?" అన్నాడు మద్దిలేటి. "ఒక్కసారన్నా అరవకూడదట్రా? కాస్త వేపనూనెతో పొయ్యేది కదరా!"

ఎర్రావు గట్టు దిగి వచ్చింది. ఎవరూ ఆపలేదు.

"నాకన్నా ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే సంతకు తోలుతారన్నాడు మామ," అన్నాడు బొల్లిగాడు. "మల్లణ్ణి తోలినట్టు. మల్లడు నొప్పన్నాడనేగా తోలారు?"

కర్రోడు కాడి కిందే నిలబడి విన్నాడు.

"మల్లడి కాలు విరిగిందిరా," అన్నాడు. "వాగులో రాళ్ళ మధ్య. నేను పక్కనే ఉన్నా. నొప్పన్నందుకు కాదు." బొల్లిగాడి వైపు వంగాడు. "నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణిగా. నేనన్నా నీతో ఎప్పుడైనా ఆ మాటెత్తానా? వాడి పేరు ఎవరన్నా ఎత్తనిచ్చారా ఈ కొట్టంలో?"

మేకత్త తన పిల్లల్ని దగ్గరకు లాక్కుంది.

కాకి మడక మీద కూర్చుని ఉంది. ఈ ఇరవై రోజుల్లో బాగా బలిసింది. రెక్కలు నిగనిగలాడుతున్నాయి.

"నా బిడ్డను తిన్నావు," అంది ఎర్రావు.

"తిన్నాను," అంది కాకి. "నేను కాకిని. పుండు కనబడితే తింటాను. ఇందులో దాచిందేముంది అక్కా? రోజూ నీ కళ్ళ ముందే తిన్నాను. నువ్వే గింజలు కూడా పెట్టావు."

"పిడుదులు అన్నావు."

"అన్నాను. నువ్వు నమ్మావు. బాగున్నానని వాడన్నాడు, అదీ నమ్మావు. వచ్చి చూడొద్దని మాత్రం నేను ఎన్నడూ అనలేదు."

కొమ్ము విసిరింది ఎర్రావు. కాకి ఎగిరిపోయింది. కొమ్ము మడకకు తగిలి చివర విరిగింది.

*

పశువుల డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. ప్రాణానికి భయం లేదు కానీ, ఈ మెడ ఇంక కాడికి రాదన్నాడు. మద్దిలేటి రెండు రోజులు వేపనూనె రాశాడు. మూడో రోజు సోమవారం. సంత రోజు.

పొద్దున్నే బొల్లిగాణ్ణి బయట కట్టారు. బండి రావడానికి కొంచెం టైముంది. ఎర్రావు వెళ్ళి పక్కన నిలబడింది. ఏమీ అడగలేదు. నాలుక చాచి మెడ నాకింది. పుండు చుట్టూ, వేపనూనె చేదు మీదుగా, మెల్లగా.

ఈసారి వాడు వెనక్కి జరగలేదు. ఎవరు చూస్తున్నారో కూడా చూడలేదు.

"నొప్పిగా ఉందమ్మా," అన్నాడు.

"ఊఁ."

"చాలా నొప్పిగా ఉంది."

"ఊఁ. చెప్పు."

వాడు చెప్పాడు. ఇరవై రోజులవీ చెప్పాడు. పందెంలో ఎక్కడ కళ్ళు తిరిగాయో, వాగు దగ్గర ఏం చెప్పబోయాడో, రోజూ పొద్దున కాకి రెక్కల చప్పుడు వింటే ఎలా కళ్ళు మూసుకునేవాడో. ఎర్రావు నాకుతూనే వింది. బండి వచ్చేదాకా వింది.

కొట్టంలో రెండు గూటాలు ఖాళీ అయ్యాయి. కానీ ఈసారి ఎర్రావు పేర్లు దాచనివ్వలేదు. కొత్తగా ఏ దూడ కొట్టంలోకి వచ్చినా ఆ గూటాల దగ్గరకు తీసుకెళుతుంది. ఇది మల్లడిది, కాలు విరిగింది. ఇది బొల్లిగాడిది, మెడ పోయింది. ఎందుకు పోయిందో కూడా చెబుతుంది. కాకి తప్పు సగమే చెబుతుంది. తన తప్పు పూర్తిగా చెబుతుంది.

మళ్ళీ శనగ కోతలయ్యాయి. కాడి వాసానికెక్కింది. పట్టెడలు మెడలకెక్కాయి. మేకత్త వచ్చి నిలబడింది, పోయినేటి కన్నా మెత్తగా.

"వదినా, ఈసారి పందెం వద్దులే. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకుందాం. అలిసినవాళ్ళు పడుకుంటారు."

"ఊఁ," అంది ఎర్రావు.

విరిగిన కొమ్ముతో, జొన్న కొయ్యల్లో ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళింది. కర్రోడు నాలుక తగలకముందే అరిచాడు. ఎవరూ నవ్వలేదు. కర్రోడి పక్కన కొత్తగా కట్టిన కోడె, నిరుడు ఇంకా దూడగా ఉన్న బొల్లిగాడి తమ్ముడు, మువ్వలు మోగించుకుంటూ ఎదురొచ్చాడు.

"నేను బాగున్నానమ్మా!"

"నేనడగలేదు," అంది ఎర్రావు. "పట్టెడ జరుపు. మెడ వంచు."

పైన చెట్టు మీద కాకి కాసేపు ఎదురుచూసింది. ఆ ఏడు దానికి ఆ చేలో ఏమీ దొరకలేదు.

బాగున్నానన్న మాట వినగానే వెళ్ళిపోకండి. దగ్గర కూర్చుని చూడండి, పండగ కాసేపు ఆగుతుంది, పుండు ఆగదు.